భరణం ఆర్డర్ చేతిలో ఉంది, డబ్బు మాత్రం రావట్లేదు: ఇప్పుడేం చెయ్యాలి

ముందే చెప్పేస్తున్నా, నేను లాయర్ని కాదు. వైజాగ్‌లో కోర్టు దగ్గర టైపింగ్, జిరాక్స్ సెంటర్లో పన్నెండేళ్ళుగా కూర్చుంటున్నాను, ఎంసీ పిటిషన్లు (భరణం కోసం వేసేవి), డీవీసీలు (గృహహింస కేసులు), ఈపీలు (కోర్టు డిక్రీ అమలు చెయ్యమని వేసే పిటిషన్లు) ఎన్ని కొట్టానో నాకే లెక్కలేదు, పైగా మా చెల్లి కేసు మా ఇంట్లోనే నడిచింది కాబట్టి కాగితం మీద ఒకలా ఉండేది బయట ఎలా ఉంటుందో దగ్గరుండి చూశాను. రోజుకి ఒకరైనా వచ్చి "అక్కా, నెలకి ఇంతని జడ్జిగారు ఆర్డర్ ఇచ్చారు, ఏడాది దాటింది, రూపాయి రాలేదు, ఇప్పుడేటి చెయ్యాలి" అని అడుగుతారు, అందుకే ఒకచోట రాసి పెడుతున్నా.

మొదట అందరూ పొరపడేది ఇక్కడే. ఆర్డర్ వచ్చిందంటే కోర్టే వసూలు చేసి మన చేతిలో పెడుతుందనుకుంటారు. పెట్టదు. అతను కట్టకపోతే కట్టలేదని మనమే మళ్ళీ పిటిషన్ వెయ్యాలి, వేసేదాకా కోర్టుకి తెలీదు. ఆ పిటిషన్‌కి ఒక గడువుంది, ఈ గడువు మా చెల్లికి ఎవరూ చెప్పలేదు.

చెల్లి ఆర్డర్ 2022 మే నెలలో వచ్చింది, తనకి 5,000, బాబుకి 4,000, మొత్తం 9,000, ప్రతి నెలా పదో తారీఖుకి కట్టాలి. జూన్, జూలై కట్టాడు, ఆగస్టు నుంచి బంద్. మా మావయ్య "ఓపిక పట్టండమ్మా, కోర్టు చుట్టూ తిప్పితే ఇంకా మొండికేస్తాడు, పెద్దమనుషుల్లో పెడదాం" అన్నాడు, మా లాయరుగారు కూడా కొంత మొత్తం అయ్యాక ఒకేసారి వేద్దాంలే అన్నారు, అలా అలా 2024 మార్చి 5న వేశాం. అప్పటికి 19 నెలల బకాయి, అంటే 1,71,000. కానీ చట్టంలో ఏముందంటే, వారెంట్ పెట్టి వసూలు చెయ్యాలంటే ఆ డబ్బు కట్టాల్సిన తారీఖు నుంచి ఏడాదిలోపు పిటిషన్ వెయ్యాలి. వెనక్కి 12 నెలలకే, అంటే 1,08,000కే వారెంట్. మిగతా 63,000 ఆ దారిలో పోయింది. టైపింగ్ చేస్తూ ఇదే లైను వందసార్లు కొట్టి ఉంటాను, సొంత చెల్లి విషయంలో మాత్రం చూసుకోలేదు, ఆ రోజు నా మీద నాకే కోపం వచ్చింది.

సెక్షన్ల సంగతి. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) పోయి దాని బదులు బీఎన్ఎస్ఎస్ అనే కొత్త చట్టం వచ్చింది కదా, భరణం అడిగే పాత 125 ఇప్పుడు 144, మార్పులు చేర్పులకి వాడే 127 ఇప్పుడు 146, ఆర్డర్ అమలుకి వాడే 128 ఇప్పుడు 147. లోపల విషయం దాదాపు అదే. పాత ఆర్డర్ ఉన్నవాళ్ళు కంగారుపడక్కర్లేదు, అది చెల్లుతుంది.

సరే, 144(3) కింద ఏం జరుగుతుంది. బకాయి ఇంత అని లెక్క వేసి పిటిషన్ వేస్తే అతనికి నోటీసు వెళ్తుంది, సరైన కారణం చూపించకపోతే కోర్టు డిస్ట్రెస్ వారెంట్ ఇస్తుంది, అంటే జరిమానా వసూలు చేసినట్టు అతని సామాన్లు, బండి వగైరా జప్తు చేసి అమ్మి కట్టించడం. భూమి, ఇల్లు ఉంటే కలెక్టరుగారికి పంపి శిస్తు బకాయి లాగా వసూలు చేయించే దారి కూడా ఉంది, దీన్ని మన దగ్గర ఎవరూ పెద్దగా అడగరు గాని భీమిలి వైపో ఆనందపురం వైపో అతని పేరున సెంటు భూమి ఉన్నా అడగడం మంచిది. వారెంట్ వెళ్ళాక కూడా డబ్బు మిగిలిపోతే అప్పుడు జైలు, నెల రోజుల వరకు, లేదా కట్టేవరకు, ఏది ముందైతే అది. వరస ముఖ్యం. ముందు డిస్ట్రెస్, తర్వాత జైలు. నేరుగా అరెస్ట్ వారెంట్ తెప్పించుకుంటే అప్పటికి బావుంటుంది గాని అవతలి లాయర్ అదే పాయింటు పట్టుకుని పైకోర్టుకి వెళ్ళి అరెస్టు ఆపించేస్తాడు, మళ్ళీ ఆరు నెలలు హరీ.

"జైల్లో కూర్చుని వచ్చేస్తా, ఇంక నాకేం సంబంధం లేదు" అని బెదిరించేవాళ్ళు చాలామంది. అలా ఏం ఉండదు. జైలు కట్టించడానికే గాని బాకీ తీరడానికి కాదు, ఈ మాట సుప్రీంకోర్టు 1989లో కుల్దీప్ కౌర్ కేసులోనే చెప్పింది. బయటకొచ్చాక కూడా బకాయి అలాగే ఉంటుంది, తర్వాతి నెలలకి మళ్ళీ వెయ్యొచ్చు. ఇంకో మంచి మాట, టైం లోపల వేసిన పిటిషన్ నడుస్తుండగా పేరుకున్న నెలల్ని అందులోనే కలపమని అడగొచ్చు, 2005లో శాంత కేసులో అది తేలింది. అయినా నా సలహా అడిగితే మూడు నాలుగు నెలలకోసారి కొత్త పిటిషన్ వేసుకుంటూ పోవడమే బెటర్, లెక్క శుభ్రంగా ఉంటుంది, ఏ నెలా జారిపోదు. తారీఖులు కేలండర్ మీద ఎర్ర పెన్నుతో రాసుకోండి, గ్యాస్ బండ తెచ్చిన తారీఖు రాసుకుంటాం కదా అలాగే.

మరి ఏడాది దాటిపోయిన డబ్బు గంగలో కలిసినట్టేనా అంటే కాదు. 2013లో పూంగొడి కేసులో సుప్రీంకోర్టు క్లియర్‌గా చెప్పింది, ఆ ఏడాది గడువు వారెంట్ దారికి మాత్రమే, హక్కు పోదు, వేరే దారిలో రాబట్టుకోవచ్చు అని. తర్వాత 2020 నవంబర్ 4న రజనేష్ వర్సెస్ నేహా తీర్పు వచ్చింది, భరణం కేసుల్లో ఇప్పుడు అందరూ పట్టుకునేది దాన్నే. భరణం ఆర్డర్‌ని సివిల్ కోర్టు మనీ డిక్రీ (డబ్బు కట్టమని ఇచ్చే తీర్పు) లాగా అమలు చెయ్యొచ్చని అందులో ఉంది. అంటే ఈపీ వేసి బ్యాంక్ అకౌంట్ అటాచ్‌మెంట్ (అంటే జప్తు), జీతం అటాచ్‌మెంట్, ఆస్తి జప్తు, సివిల్ జైలు అన్నీ అడగొచ్చు. హిందూ మ్యారేజ్ యాక్ట్ కింద విడాకుల కేసులో వచ్చిన సెక్షన్ 24 (కేసు నడుస్తుండగా ఇచ్చే మధ్యంతర భరణం) గాని 25 (శాశ్వత భరణం) గాని ఆర్డర్ అయితే అదే చట్టం 28ఏ కింద నేరుగా ఈపీయే.

వైజాగ్‌లో మనకి కలిసొచ్చేది జీతం అటాచ్‌మెంట్. ఇక్కడ సగం మంది మొగుళ్ళు ఏదో ఒక గేటు లోపలికి వెళ్ళేవాళ్ళే, స్టీల్‌ప్లాంటో, పోర్టో, షిప్‌యార్డో, హెచ్‌పీసీఎల్లో, రైల్వేనో, పరవాడ ఫార్మానో, దువ్వాడ సెజ్జో. మామూలు అప్పుల డిక్రీకైతే జీతంలో మొదటి 1,000, మిగతా దాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. భరణం డిక్రీకి మాత్రం రివర్స్, సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మూడో వంతు మాత్రమే అతనికి వదలాలి, మిగతా రెండు వంతుల దాకా అటాచ్ చెయ్యొచ్చు. అటాచ్‌మెంట్‌కి దొరికే జీతం 45,000 అనుకుంటే 15,000 అతనిది, 30,000 వరకు చెయ్యి పెట్టొచ్చన్నమాట. ప్రైవేటు కంపెనీ అయినా సరే, ఆర్డర్ 21 రూల్ 48ఏ దానికోసమే ఉంది, జీతాలిచ్చే ఆఫీసరుకి ఆర్డర్ వెళ్తే వాళ్ళే కోసి కోర్టుకి పంపాలి. పీఎఫ్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, అది జప్తుకి రాదు.

కాంట్రాక్టు లేబరుతో ఒక తిరకాసుంది. మీ ఆయన "ఫలానా ప్లాంట్‌లో చేస్తున్నా" అంటాడు గాని జీతం ఇచ్చేది లోపలి కాంట్రాక్టరు. ప్లాంటు పేరు మీద ఆర్డర్ పంపితే "మా ఉద్యోగి కాదు" అని ఒక లైను రాసి తిప్పి పంపేస్తారు, మా చెల్లి విషయంలో సరిగ్గా ఇదే అయింది, రెండు వాయిదాలు దండగ. గేట్ పాస్ మీద కాంట్రాక్టరు పేరు ఉంటుంది, ఈఎస్ఐ కార్డులో ఉంటుంది, పాత పే స్లిప్పులో ఉంటుంది, ముందు అది పట్టుకోండి.

నేవీ సంగతి కూడా చెప్పాలి, ఈస్టర్న్ నేవల్ కమాండ్ ఉన్న ఊరు కదా. యూనిఫాం వేసుకునే నేవీ ఉద్యోగి అయితే కోర్టు వారెంట్‌తో అతన్ని పట్టుకోవడం, జీతం నేరుగా జప్తు చెయ్యడం కుదరదు, నేవీ యాక్ట్ 1957 అడ్డొస్తుంది. కానీ అదే చట్టం భార్యాపిల్లల్ని పోషించే బాధ్యత నుంచి అతన్ని తప్పించదు, జీతంలోంచి కోసి భార్యకి ఇప్పించే అధికారం నేవీ పైఅధికారులకే ఇచ్చింది. కోర్టు ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ జతచేసి అతని కమాండింగ్ ఆఫీసర్ ద్వారా దరఖాస్తు పెట్టుకోవాలి. డాక్‌యార్డులో సివిలియన్ ఉద్యోగి అయితే మామూలుగా ఈ అడ్డు ఉండదు, జీతం అటాచ్‌మెంట్ అడగొచ్చు.

డీవీసీ, అదే గృహహింస చట్టం 2005 కింద ఆర్డర్ ఉన్నవాళ్ళకి ఇంకో ఆయుధం ఉంది, 20(6). దాని కింద మేజిస్ట్రేటుగారే యజమానికి "ఇతని జీతంలోంచి ఇంత కోసి ఆమెకి నేరుగా ఇవ్వండి, లేదా కోర్టులో కట్టండి" అని చెప్పొచ్చు. అతనికి బాకీ ఉన్నవాళ్ళకి కూడా అలా చెప్పొచ్చు, ఉదాహరణకి అతని ఇంట్లో అద్దెకున్నవాళ్ళు. గాజువాకలో రెండు పోర్షన్లు అద్దెకిచ్చి "నాకు ఆదాయం లేదు సార్" అని కోర్టులో చేతులు కట్టుకు నిలబడ్డవాడిని నేను చూశాను, అద్దె మీద ఆర్డర్ పడేసరికి బేగా దారికొచ్చాడు.

ఇవన్నీ జరగాలంటే అతని డబ్బు ఎక్కడుందో మనకి తెలియాలి, కేసు గెలిచేది ఓడేది ఇక్కడే. కోర్టుకి తనంతట తాను వెతికే పని లేదు. కలిసున్న రోజుల్లో కాగితాలు ఏమున్నా తీసి పెట్టుకోండి, బ్యాంక్ పాస్‌బుక్ మొదటి పేజీ, పాన్ నంబరు, ఎల్ఐసీ బాండు, బండి ఆర్‌సీ, ఇంటి పన్ను రసీదు, అతను ఫోన్‌పేలో డబ్బు పంపినప్పుడు కనపడే బ్యాంకు పేరు కూడా పనికొస్తుంది. రజనేష్ తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తిపాస్తుల అఫిడవిట్ వెయ్యాలి, అతను వెయ్యకపోయినా అబద్ధం రాసినా దాన్ని జడ్జిగారి దృష్టికి తేవాలి. మీ అఫిడవిట్‌లో కూడా ఏదీ దాచకండి, మీరు చిన్న ఉద్యోగం చేస్తుంటే చేస్తున్నానని రాయండి, సంపాదన ఉన్నంత మాత్రాన భరణం రాదని ఏం లేదు, దాచి దొరికిపోతేనే నష్టం. వేరే కోర్టులో ఇంకో ఆర్డర్ ఉంటే అదీ చెప్పాలి, రెండు కలిపి లెక్క చూస్తారు.

ఇంక వారెంట్ ప్రయాణం. ఆర్డర్ వచ్చింది కదా అని ఇంట్లో కూర్చుంటే వారెంట్ ఏ స్టేషన్‌లోనో కాగితాల కింద పడుకుంటుంది. బత్తా (వారెంట్ పంపడానికి కోర్టులో కట్టే ఖర్చు) కట్టారా, వారెంట్ కోర్టు నుంచి బయటకెళ్ళిందా, ఏ స్టేషన్‌కి వెళ్ళింది, ఏ కానిస్టేబుల్ దగ్గరుంది, ఇవి వాయిదాకి పది రోజుల ముందే కనుక్కోవాలి. మా చెల్లి వారెంట్ రెండుసార్లు "ఆ చిరునామాలో లేడు" అని తిరిగొచ్చింది, మనిషి మాత్రం రోజూ అదే వీధిలో టీ తాగుతున్నాడు. మూడోసారి ఇంటి అడ్రసుతో పాటు పని చేసే చోటు, ఏ షిఫ్టు, ఏ గేటు, బస్సు ఎక్కడ ఎక్కుతాడు, ఒక ఫొటో, అన్నీ మెమోలో రాసి ఇచ్చాం. కానిస్టేబుల్ గేటు దగ్గరికి వెళ్ళిన రోజు సాయంత్రానికే 60,000 కోర్టులో కట్టాడు, ఆ డబ్బు అంతకుముందు రోజు లేదా అంటే ఉంది. మీ కేసు ఏ దశలో ఉందో ఈకోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకీ కోర్టు ఇచ్చే నంబరు) కొట్టి చూసుకోవచ్చు, లాయరుగారి గుమస్తాని ప్రతిసారీ బతిమాలక్కర్లేదు.

అతను హైదరాబాదో బెంగళూరో వెళ్ళిపోతే? 147 ప్రకారం అతను ఎక్కడుంటే అక్కడి మేజిస్ట్రేటు కూడా ఆర్డర్ అమలు చెయ్యొచ్చు. ఆర్డర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలని కూడా అక్కడే ఉంది, అడిగి తీసుకోండి.

వాళ్ళు చెప్పే సాకులు నాకు కంఠతా వచ్చేశాయి. ఉద్యోగం మానేశాను అంటాడు. ఒళ్ళు బాగున్న మనిషి కూలి చేసైనా భార్యాపిల్లల్ని పోషించాలని 2022లో అంజు గార్గ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. లోన్ ఈఎంఐలు ఉన్నాయి అంటాడు, తన సుఖానికి తీసుకున్న కారు లోను చూపించి పిల్లాడి తిండి ఆపితే ఏ జడ్జిగారూ ఒప్పుకోరు. హైకోర్టులో రివిజన్ (ఆర్డర్‌ని మళ్ళీ చూడమనే పిటిషన్) వేశాను అంటాడు, వేస్తే వేశాడు, స్టే ఉందా అని అడగండి, స్టే లేకపోతే కట్టాల్సిందే. ఎక్స్‌పార్టీ ఆర్డర్ (అతను కోర్టుకి రాకుండానే ఇచ్చింది), నాకు తెలీదు అంటాడు, రద్దు చేయించుకోవడానికి అతనికి మామూలుగా మూడు నెలలే టైముంది. వీటన్నిటికన్నా తెలివైన సాకు ఒకటుంది, "నాతో వచ్చి ఉంటే పోషిస్తాను". దీన్ని తేలిగ్గా తీసుకోకండి, ఎందుకంటే చట్టంలోనే ఆ మాట ఉంది, కాకపోతే మీరు ఎందుకు వెళ్ళనంటున్నారో కూడా కోర్టు వినాలి, కొట్టాడు, వేరే ఆవిడ ఉంది, ఇలా కారణం గట్టిగా ఉంటే ఆ మాటతో బాకీ మాఫీ అవ్వదు. కాపురానికి రమ్మని అతను డిక్రీ తెచ్చుకున్నా సరే, అది ఒక్కటే చాలదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

చిల్లర చిల్లరగా పంపేవాళ్ళ గురించి. 9,000 ఇవ్వాల్సినవాడు 2,000 ఫోన్‌పే కొట్టి "ఇచ్చాను కదా" అంటాడు, ఇంకోసారి బాబుకి బర్త్‌డే డ్రెస్ కొని దాన్నీ లెక్కలో రాయమంటాడు. చేతికి నగదు వద్దు, అస్సలు వద్దు. ఒక బ్యాంక్ అకౌంట్ దీనికోసమే పెట్టుకోండి, ప్రతి నెలా పాస్‌బుక్ ప్రింట్ కొట్టించండి, వచ్చినదంతా నిజాయితీగా తీసేసి మిగతా బకాయికే లెక్క వెయ్యండి. లెక్కలో 500 తేడా ఉన్నా అవతలివాళ్ళు దాని మీదే మూడు వాయిదాలు లాగుతారు, టైపింగ్‌కి వచ్చేవాళ్ళకి నేను ఫ్రీగా చేసిపెట్టేది ఈ లెక్క ఒక్కటే.

ఇంకా ఆర్డరే లేనివాళ్ళు, పెద్దమనుషుల ముందు స్టాంపు పేపరు మీద "నెలకి ఇంత ఇస్తాను" అని రాయించుకున్నవాళ్ళు కొంతమంది వస్తారు. ఆ పేపరుతో వారెంట్ రాదు, సాక్ష్యంగా పనికొస్తుందంతే. అందులో "ఇద్దరం ఇష్టపడే విడిగా ఉంటున్నాం" అని రాసేస్తే ఇంకా డేంజర్, పరస్పర అంగీకారంతో విడిగా ఉంటే 144 కింద భరణం రాదని చట్టంలో ఉంది. రాజీ పడాలనుకుంటే కేసు వేసి లోక్ అదాలత్‌లో రాజీ పడండి, ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, కట్టకపోతే ఈపీ వెయ్యొచ్చు. కేసు మీరు ఇప్పుడు ఉంటున్న చోటే వెయ్యొచ్చు, అత్తారి ఊరు వెళ్ళక్కర్లేదు. మధ్యంతర భరణం నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలని రాసుంది గాని చాలాసార్లు అంతకన్నా ఎక్కువే పడుతుంది. ముస్లిం అక్కచెల్లెళ్ళు కూడా, విడాకులైనా సరే, ఈ సెక్షన్ కింద అడగొచ్చు, 2024 జూలైలో తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులోనే సుప్రీంకోర్టు ఆ మాట తేల్చింది.

498ఏ, అదే భర్త హింస మీద పెట్టే క్రిమినల్ కేసు (ఇప్పుడు బీఎన్ఎస్ 85), పెట్టేస్తే భయపడి డబ్బు కడతాడు కదా అని అడుగుతారు కొందరు. నిజంగా హింస జరిగితే పెట్టండి, మీ హక్కు. డబ్బు కోసమే అయితే వద్దు, ఆ కేసు దారి వేరు, అందులో నెల నెలా భరణం రాదు.

లాయరు ఫీజుకి డబ్బుల్లేవా, జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. వెళ్ళేటప్పుడు ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ, ఆధార్, పెళ్ళి ఫొటో, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, పాస్‌బుక్ ప్రింట్, నెలవారీ బకాయి లెక్క ఒక తెల్ల కాగితం మీద, అతను పని చేసే చోటు అడ్రసు, ఇవన్నీ రెండేసి సెట్లు జిరాక్స్ తీసుకెళ్ళండి. పొద్దున్న పదిన్నరకల్లా వెళ్తే మంచిది, మధ్యాహ్నం అయ్యేసరికి జనం ఎక్కువైపోతారు.

చెల్లి పాత 63,000కి ఈపీ వేశాం, ఇప్పుడు కాంట్రాక్టరు పేరు కరెక్టుగా రాశాం. పోయిన నెల నుంచి జీతంలోంచి 5,000 కోసి కోర్టుకి పంపుతున్నారు.